ఖాళీ అని రాసిన డిస్కు

పోయిన ఎండాకాలం మా అన్న ఒక పెన్ డ్రైవ్ తెచ్చి టీవీకి గుచ్చి అందరినీ హాల్లోకి పిలిచాడు. ఇంట్లో మూలపడి ఉన్న హ్యాండీక్యామ్ డిస్కులన్నీ ఒక స్టూడియోలో ఇచ్చి "కలిపించుకొచ్చినా" అన్నాడు. యాభై రెండు నిమిషాల వీడియో. ముందు గుండె ఆకారంలో తెర తెరుచుకుంది, అందులోంచి గులాబీ రేకులు రాలాయి, వెనక ఫ్లూటు మొదలైంది. తర్వాత మా అవ్వ వచ్చింది. 2010లో పోయిన మనిషి, వంటింటి గడప మీద కూర్చుని కెమెరా వైపు చూస్తూ ఏదో అంటోంది. నోరు కదులుతోంది, చెయ్యి తిప్పుతోంది, చివర్లో నవ్వింది కూడా. వినపడేది మాత్రం ఫ్లూటే. పైగా కొత్త టీవీ వెడల్పుకు సరిపోవాలని బొమ్మను పక్కలకు సాగదీశారు కాబట్టి బక్కపలచటి అవ్వ మొహం జొన్నరొట్టెలా వెడల్పైపోయింది.

"ఏమంటాందిరా అవ్వ?" అని అమ్మ అడిగింది. అన్న రిమోట్ తీసుకుని సౌండు పెంచాడు. ఫ్లూటు పెరిగింది.

ఆ రోజు నేను ఏమీ అనలేదు. మరుసటి రోజు మాత్రం స్టూడియో నుంచి డిస్కులన్నీ వెనక్కి తెప్పించి, రెండు నెలల పాటు సాయంత్రాలు వాటి మీదే కూర్చున్నాను. ఆ రెండు నెలల్లో అన్నతో పడిన వాదనే ఇక్కడ రాస్తున్నా. నా మాట ఒక్కటే: పాత ఇంటి వీడియోలను కలపడం అంటే ఏరడం కాదు. పనికొచ్చేది ఏది, పనికిరానిది ఏది అని తేల్చే హక్కు స్టూడియోకే కాదు, డిస్కు కడిగిన నాకు కూడా లేదు. చివరి ముక్క నాకు ఆలస్యంగా అర్థమైంది, అక్కడికి వస్తాను.

ముందు డిస్కుల సంగతి. ఇప్పటి పిల్లలకు చూపిస్తే ఆడుకునే సీడీ అనుకుంటారు. ఎనిమిది సెంటీమీటర్ల మినీ డీవీడీలు, ఒక్కో దాంట్లో 1.4 జీబీ పడుతుంది. మామూలు క్వాలిటీలో అరగంట, మంచి క్వాలిటీ పెడితే ఇరవై నిమిషాలు. 2000లో హిటాచీ మొదటి డీవీడీ కెమెరా తెచ్చింది, ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు వీటి కాలం నడిచింది, మెమరీ కార్డులు చవకయ్యాక ఎవరూ పట్టించుకోలేదు. మా చిన్నాయన అమెరికా నుంచి 2006లో ఒక కెమెరా, డజను డిస్కులు తెచ్చి ఇచ్చిపోయాడు. పోతూ పోతూ నాయనకు ఒక్కటే చెప్పాడు: డిస్కు నిండినాక ఫైనలైజ్ చెయ్యాల, లేకుంటే వేరే దేంట్లోనూ ఆడదు. నాయన దాన్ని వ్రతంలా పాటించాడు. డిస్కు నిండగానే చార్జరు గుచ్చి, బటన్ నొక్కి, పని పూర్తయ్యే దాకా ఎవరినీ ఆ మంచం దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీద పడ్డాయి. మా ఇల్లు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి హంద్రీ వైపుకు దిగితే వస్తుంది. మట్టిమిద్దె. ఆ రాత్రి పక్కింటి డాబా మీద ఎలా గడిపామో రాయబోతే ఈ వ్యాసం ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తా. నీళ్లు దిగాక వంటింటి గోడ లేదు. బీరువా బోర్లా పడి ఉంది. అందులో పదకొండు డిస్కులున్న బిస్కెట్ల డబ్బా, దాని పక్కనే కెమెరా, రెండింట్లోనూ గట్టిపడుతున్న నల్ల బురద. డబ్బాను అమ్మ కడిగి ఎండబెట్టింది. కెమెరాను పారేయడానికి మనసొప్పక గోనెసంచిలో చుట్టి పెట్టింది. పన్నెండో డిస్కు ఆ కెమెరా కడుపులోనే ఉండిపోయింది. ఇవి కాక మా బావవి ఐదు డిస్కులు. బావది రాజంపేట, కువైట్‌లో పనిచేసేటప్పుడు ఒక కెమెరా కొన్నాడు. మొత్తం పదిహేడు.

పదిహేడు డిస్కులూ అంచుల దాకా నిండాయనుకున్నా 24 జీబీకి మించదు. మామూలు 32 జీబీ పెన్ డ్రైవ్‌లో పట్టేసి ఇంకా చోటు మిగులుతుంది. అలాంటప్పుడు ఏడున్నర గంటల్లోంచి యాభై రెండు నిమిషాలు ఏరి మిగతాది పారేయాల్సిన అవసరం ఎక్కడుంది? ఇది నేను అన్నను అడిగిన మొదటి ప్రశ్న. "ఎవడు చూస్తాడురా ఏడున్నర గంటలు? నువ్వు చూస్తావా?" అన్నాడు. నిజం చెప్పాలంటే అది మంచి ప్రశ్నే. నేనూ మొత్తం ఒకేసారి చూడలేదు, చూడను కూడా. కానీ ఇంట్లో పొలం కాగితాలు ఉంటాయి, రోజూ చదువుతామా? ఎవరూ చదవరని సగం చింపేస్తామా?

సరే, చేసిన పని చెప్తా, ఎవరికైనా పనికిరావచ్చు.

మొదటి అడ్డంకి డీవీడీ డ్రైవ్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అసలు లేదు. డిస్కును నోటితో లాక్కున్నట్టు లాక్కునే స్లాట్ రకం డ్రైవ్‌లో ఈ చిన్న డిస్కు వేస్తే లోపలే ఇరుక్కుంటుంది, పొరపాటున కూడా వేయొద్దు. ట్రే ఉన్నదే కావాలి, ట్రే మధ్యలో చిన్న డిస్కు కోసం ఒక పల్లం ఉంటుంది. ఆర్టీసీ బస్టాండు దగ్గర కంప్యూటర్లు రిపేరు చేసే ఒకాయన తన పాత సామాను కుప్పలోంచి రెండు డ్రైవ్‌లు, ఒక యూఎస్‌బీ కేబులు తీసి ఇచ్చాడు. రెండు ఎందుకన్నా అంటే "ఒకటి చదవంది ఇంకోటి చదువుతుంది సార్, మనుషుల మాదిరే" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ తర్వాత అక్షరాలా అదే జరిగింది.

రెండోది బురద. సీడీకి, డీవీడీకి ఒక తేడా ఉంది. సీడీలో డేటా పొర పైన లేబుల్ కిందే ఉంటుంది, పైన గీత పడితే పోయినట్టే. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య, భక్ష్యంలో పూర్ణంలా ఉంటుంది. అందుకే బురదలో మునిగినా చాలా డిస్కులు బతికాయి. మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకు నిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే ఇసుక రేణువు గీసిన గీత డేటా పోయే దారి వెంటే పోతుంది, అప్పుడు డ్రైవ్ తనంతట తాను సరిదిద్దుకోలేదు. అడ్డంగా పడిన గీతను మాత్రం చాలావరకు దాటేస్తుంది.

మా వాటిలో ఒకటి పగిలింది, దానికి మందు లేదు. రెండింటికి అంచు దగ్గర పలకలు విడిపోయి లోపలికి తేమ పోయి పొగమంచు పట్టినట్టు మచ్చలు వచ్చాయి. ఇక్కడ అదృష్టం ఏమిటంటే డిస్కు మీద రాత లోపలి నుంచి బయటికి సాగుతుంది. అంచు పోతే పోయేది చివరి నిమిషాలే. ఒక డిస్కులో 2008 డిసెంబర్ తుంగభద్ర పుష్కరాలు ఉన్నాయి, సంకల్‌బాగ్ ఘాట్ దగ్గర నాయన మునిగి లేస్తున్నాడు, మూడో మునక నుంచి లేచే లోపు బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. ఆ వీడియోలో నాయన ఇంకా నీళ్లలోనే ఉన్నాడని మా చెల్లెలి కొడుకు ఎగతాళి చేస్తుంటాడు.

కళ్లు మూసుకుని ఫైళ్లను డ్రాగ్ చేసి కాపీ చేయొద్దు. ఒక్కచోట చదవలేకపోయినా విండోస్ మొత్తం కాపీని ఆపేస్తుంది, మళ్లీ మళ్లీ ప్రయత్నించి డిస్కును అలసగొడుతుంది. ముందు డిస్కు మొత్తాన్ని పొల్లు పోకుండా ఒక్క ఇమేజ్ ఫైలుగా దింపుకోవాలి. దానికి నేను వాడింది డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాము, ఉచితమే. బుడ్డలు (వేరుశనగ) పీకడం చూసినవాళ్లకు దీని పద్ధతి చెప్పక్కర్లేదు. మొదటి విడత చెట్లు పట్టుకుని పీకుతూ పోతారు, తెగి మట్టిలో ఉండిపోయిన కాయల కోసం అక్కడే కూర్చోరు. చేను మొత్తం అయ్యాక వెనక్కి వచ్చి తవ్వి ఏరుకుంటారు. ఇది కూడా అంతే, మొదట సులభంగా వచ్చేదంతా తీసుకుని, రాని చోట్లను మ్యాప్ ఫైలు అనే పద్దులో రాసుకుంటుంది, తర్వాత వాటి కోసం మాత్రమే తిరిగి వస్తుంది. ఆ పద్దు ఉండబట్టే సగంలో డ్రైవ్ మార్చినా ఇబ్బంది లేదు. పుష్కరాల డిస్కును మొదటి డ్రైవ్ చదవలేక వదిలేసిన చోట్ల నుంచి రెండో డ్రైవ్ ఇంకో నాలుగు నిమిషాలు లాగింది. మొదటి మునక ఆ నాలుగు నిమిషాల్లోదే.

ఇక కలపడం. ఫైనలైజ్ అయిన డిస్కు తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డరు, అందులో వీఓబీ అనే వీడియో ఫైళ్లు కనిపిస్తాయి. ఒక వీఓబీ ఒక జీబీ దాటకూడదని డీవీడీ నియమం, అందుకే నిండు డిస్కులో ఒక పెద్ద ఫైలు, దాని తోకగా ఒక చిన్న ఫైలు ఉంటాయి. అవి రెండు వీడియోలు కావు, ఒకే దాన్ని గొడ్డలితో నరికినట్టు నరికిన ముక్కలు. మాట మధ్యలో కూడా తెగుతుంది. స్టూడియోవాళ్లు చాలా డిస్కుల్లో పెద్ద ఫైలు మాత్రమే తీసుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. మా చెల్లెలి నిశ్చితార్థంలో ఉంగరం తొడిగే ఘట్టం రెండో ముక్కలో ఉంది! యాభై రెండు నిమిషాల్లో అది లేదు. అందరూ కూర్చున్నారు, తాంబూలాలు తెచ్చారు, ఆపైన గులాబీ రేకులు.

ఆ ముక్కలను అతికించడానికి మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిన పని లేదు. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఎక్స్‌పోర్ట్ కొట్టిన ప్రతిసారీ ఉన్న బొమ్మను కరిగించి కొత్తగా పోత పోసినట్టే, ప్రతి పోతకూ కొంత నాణ్యత పోతుంది. అసలే 2006 నాటి ఎంపెగ్-2 అనే పాత వీడియో పద్ధతి, అందులో పోగొట్టుకోవడానికి పెద్దగా లేదు. ఎంకేవీటూల్‌నిక్స్ అనే ప్రోగ్రాములో వేసి అపెండ్ చేస్తే ఉన్నది ఉన్నట్టు, ఒక చుక్క మారకుండా ఒకే ఫైలు అవుతుంది. అరగంట వీడియోకు అర నిమిషం కూడా పట్టలేదు. వీఓబీలను ఊరికే ఒకదాని వెనక ఒకటి అతికించడం ఒక డిస్కు లోపలి ముక్కలకైతే చెల్లుతుంది, వేర్వేరు డిస్కులకు చెల్లదు. ప్రతి డిస్కులోనూ టైము సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ప్లేయరు తికమకపడి మొత్తం నిడివిని తప్పు చూపిస్తుంది, ముందుకు జరిపితే ఎక్కడికో పోతుంది.

బావ డిస్కుల దగ్గర మాత్రం నా సిద్ధాంతం ఆగిపోయింది. అమెరికా కెమెరాది అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, అంటే 480 గీతలు, సెకనుకు 29.97 ఫ్రేములు. కువైట్ కెమెరాది మన దేశంలో లాగే పాల్ అనే పద్ధతి, 576 గీతలు, 25 ఫ్రేములు. ఇవి రెండూ ఒకే ఫైలులో కలవాలంటే ఏదో ఒకదాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయక తప్పదు. అన్నకు దొరికిపోయాను. "ఇప్పుడేం చేస్తావ్?" అన్నాడు. ఏమీ చేయలేదు, రెండు ఫైళ్లుగానే ఉంచాను. కర్నూలు ఒకటి, రాజంపేట ఒకటి. కలపడం ఇష్టమే గానీ కలవని వాటిని కలిపి తీరాలన్న పంతం నాకు లేదు. (బావ దీన్ని ఇంకోలా అర్థం చేసుకుని రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, అది వేరే కథ.)

అన్న వైపు న్యాయం కూడా రాయాలి. వాడు చేయించిన సినిమాను పెళ్లిళ్లలో, పండగల్లో నలుగురూ కూర్చుని చూశారు. నా ఫైళ్లను ఎవరూ అడగలేదు. చిన్న వీడియో ఉండకూడదని నేను అనను, పాటలు పెట్టుకోవద్దని కూడా అనను. స్టూడియో అబ్బాయిదీ తప్పు కాదు, రోజూ పెళ్లి వీడియోలు చేసేవాడికి మాటలంటే పాట కింద నొక్కేయాల్సిన రొద. నా గొడవల్లా వరుస మీద. ముందు మొత్తం దించుకోండి, ఇమేజ్ ఫైళ్లు రెండు చోట్ల దాచుకోండి, ఆ తర్వాత గుండెలు పెట్టుకుంటారో రేకులు రాల్చుకుంటారో మీ ఇష్టం. మనం ముందు రేకులు రాల్చి డిస్కులను చెత్తలో వేస్తున్నాం.

ఇప్పుడు పన్నెండో డిస్కు. కెమెరా విప్పి దాన్ని బయటికి తీసింది స్టూడియోవాళ్లే, ఆ మేలు మరిచిపోను. కంప్యూటర్లో వేస్తే ఏమీ కనిపించకపోయేసరికి మార్కర్‌తో దాని మీద "ఖాళీ" అని రాసి ఇచ్చేశారు. నేను వేసినా అంతే, విండోస్ ఇది ఖాళీ డిస్కు, దీన్ని దేనికి వాడుకుంటావు అని అడిగింది. ఆ ప్రశ్నకు పొరపాటున కూడా సరే అనకూడదు, క్యాన్సిల్ కొట్టాలి. తిప్పి వెలుతురులో చూస్తే మధ్య నుంచి వేలెడు మందాన రంగు తేడాగా ఒక పట్టీ ఉంది. రాసిన చోటుకు, రాయని చోటుకు రంగు మారుతుంది, అది కంటికే తెలుస్తుంది. అంటే ఖాళీ కాదు. సగం కూడా నిండలేదు కాబట్టి నాయన ఫైనలైజ్ చేయలేదు, అంతలో వరద వచ్చింది. పెళ్లి తంతు అంతా అయిపోయి మూడో ముడి పడనట్టు, వీడియో అంతా ఉంది గానీ ఎక్కడ ఏముందో చెప్పే పట్టిక రాయలేదు. కెమెరా బతికి ఉంటే దాంట్లోనే చూసుకుని ఉండొచ్చు. అది బురదలో చచ్చింది. ఐసోబస్టర్ అనే ప్రోగ్రాము పట్టికతో పని లేకుండా డిస్కును నేరుగా తడిమి వీడియో ముక్కలను పట్టుకుంటుంది. రెండో డ్రైవ్‌లో పట్టుకుంది. అంచు మచ్చలు దీనికీ ఉన్నాయి గానీ రాత అక్కడి దాకా పోలేదు.

వచ్చినవి మూడు ముక్కలు. రెండింట్లో 2009 వినాయక చవితి, మా వీధి పందిరి, కేసీ కాలువకు నిమజ్జనానికి పోతున్న ట్రాక్టర్లు. మూడోది పదకొండు నిమిషాలు, తెరిస్తే నల్లగా ఉంది. సైజు కూడా మిగతా వాటి కంటే బాగా తక్కువ. నల్ల బొమ్మకు డేటా ఎక్కువ అక్కర్లేదు మరి. పాడైన ముక్క అనుకుని డిలీట్ మీద చెయ్యి పెట్టాను. హెడ్‌ఫోన్స్ మెడలో ఉన్నాయి కాబట్టి సన్నగా గిన్నె చప్పుడు వినపడింది.

లెన్సు మూత తీయలేదు. ఎవరో బటన్ నొక్కి కెమెరాను వంటింటి గూట్లో పెట్టి మరిచిపోయారు. చీకట్లో మా అవ్వ, అమ్మ, చిన్నమ్మ భక్ష్యాలు చేస్తున్నారు. "పూర్ణం పల్చనైతే పిండి కలుపుతారామ్మా ఎవరన్నా? యాడ నేర్చుకున్యావు?" అని అవ్వ చిన్నమ్మను అంటోంది. చిన్నమ్మ ఏదో గొణిగింది. పెనం మీద నెయ్యి చుర్రుమంది. తర్వాత మాట చిన్నాయన పంపాల్సిన డబ్బు మీదికి, అక్కడి నుంచి ఒక పాత పొలం పంచాయితీ మీదికి పోయింది, అవి ఇక్కడ రాయను. ఫ్యామిలీ గ్రూపులో కూడా పెట్టలేదు. అంతా దాచుకోవాలి అన్నాను గానీ అంతా అందరికీ పంచాలి అనలేదు. కానీ అవ్వ గొంతు! పదిహేను డిస్కుల్లో అవ్వ కెమెరా ముందు కూర్చుని పెద్దమనిషిలా మాట్లాడుతుంది. చూస్తున్నారని తెలియనప్పుడు మాట్లాడింది ఈ నల్ల ముక్కలోనే.

ఇక్కడే నేను కూడా స్టూడియోవాడిలా తయారయ్యాను. గొంతు స్పష్టంగా వినపడాలని వెనక రొద తగ్గించాను. మధ్యలో రెండు మూడుసార్లు చెవిలో పొడిచినట్టు కీచుమని ఒక శబ్దం వస్తోంది, దాన్ని ఎక్కడికక్కడ పట్టుకుని తీసేశాను. గంటన్నర పని. ఆ కాపీని ఒక ఆదివారం అమ్మకు వినిపిద్దామని టీవీకి పెట్టాను. రెండు ఫైళ్ల పేర్లూ ఒకేలా ఉండటంతో చూసుకోకుండా అసలు ఫైలు పెట్టేశాను.

నల్లటి టీవీ ముందు అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. నాయన పక్కన పేపరు చదువుతున్నాడు. పూర్ణం మాటకు అమ్మ నవ్వింది, చిన్నమ్మకు ఫోన్ చెయ్యాల అంది. అంతలో కీచుమని ఆ శబ్దం. నేను రిమోట్ కోసం లేచాను, "ఉండమ్మా, రొద లేనిది ఇంకోటి ఉంది" అని.

"రొద యాడిది? మన వంటింటి తలుపు కదరా అది. నూనె పెట్టమని మీ నాయనకు ఎన్నిసార్లు చెప్పింటినో."

నాయన పేపరు దించలేదు. "పెడదామనే అనుకుంటి" అన్నాడు, "అంతలోనే వరదొచ్చె."